తోడుగా పరుగెత్తే ఆట

వీడియో ఆటలు విద్యార్థిని పుస్తకానికి దూరం చేస్తాయని మన పెద్దలలో బలమైన అభిప్రాయమున్నది. అది నిరాధారమని వాదించే సాహసం నేను చేయను. నా మార్కులే నాకు ఎదురుసాక్ష్యం చెప్పగలవు. అయినను ఒక ఆటను గురించి నాలుగు మాటలు వ్రాయక ఉండలేకపోతున్నాను.

జపాను దేశపు నింటెండో సంస్థ 2023 అక్టోబరు 20న విడుదల చేసిన 'సూపర్ మారియో బ్రదర్స్ వండర్' ఆ ఆట. తొలి రెండు వారాలలోనే 43 లక్షల ప్రతులు అమ్ముడైనవని ఆ సంస్థ ప్రకటించింది. తెలియని చదువరులకు ఒక్క మాట: టోపీ ధరించిన మారియో కుడివైపు పరుగెత్తుతుంటే దృశ్యమంతా ఎడమకు జరిగిపోతూ ఉంటుంది. గుంటలు దాటాలి, శత్రువుల నెత్తిన దూకాలి, చివర జెండా స్తంభాన్ని అందుకోవాలి. ఈ కొత్త ఆటలో మారియో ఏనుగుగా కూడా మారగలడు. ఆ వింత చూచి లోకం మురిసింది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేరొకటి.

1985లో వచ్చిన తొలి 'సూపర్ మారియో బ్రదర్స్'ను ఇద్దరు ఆడవచ్చును గాని, వంతుల ప్రకారమే. ఒకని ప్రాణం పోయేవరకు రెండవవాడు చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. 2009లో 'వీ' యంత్రానికి వచ్చిన ఆటలో నలుగురు ఒకేసారి పరుగెత్తగలిగారు; కాని ఒకరికొకరు తగులుకొని, తోసుకొని గుంటలలో పడేవారు. ఆ తోపులాటలోనే నవ్వు ఉన్నదనేవారు నేటికీ ఉన్నారు. కావచ్చు. అయితే ఆ నవ్వు ఎప్పుడూ తోసినవానిదే గదా! 2023 నాటి ఆటలో ఆ తాకిడి లేదు. ఒకరిలోనుండి ఒకరు నీడవలె సాగిపోతారు. ప్రాణం పోయినవాడు దయ్యమై అయిదు క్షణాలలోగా తోటివానిని తాకితే మరల బ్రతుకుతాడు.

మా చిన్నమామ దుబాయి నుండి ఈ యంత్రం తెచ్చిన నాడు మా ఇంట పెద్ద వివాదమే జరిగింది. తొమ్మిదేళ్ల మా చెల్లెలు యోషీ అనే పచ్చని జంతువును ఎన్నుకొన్నది. శత్రువు తాకినా యోషీకి దెబ్బ తగలదు. గుంటలో పడితే మాత్రం తప్పించుకోలేదు. "ఇది మోసం, దీనిని ఆట అనరు" అని మా తమ్ముడు అలిగాడు. నాకు అతని మాట సమంజసంగా తోచలేదు. క్రొత్తగా చేరినవారిని మొదటి నిమిషంలోనే బయటకు పంపే ఆటలో మిగిలేది ఆరితేరినవారే. మా చెల్లెలికి దొరికినది గెలుపు కాదు, మాతోపాటు చివరిదాకా పరుగెత్తే అవకాశం మాత్రమే. కెమెరా కిరీటం ధరించినవాని వెంటే పోతూ వెనుకబడినవారిని విడిచిపెట్టడం నాకు నచ్చలేదు. ఆ ఒక్కచోట పాత పక్షపాతమే మిగిలి ఉన్నది.

ఇంటర్నెట్ ద్వారా ఆడితే అపరిచితులు నీడలుగా కనిపిస్తారు. మన బొమ్మ ఆకారపు పలకను కష్టమైన చోట నిలిపితే, వెనుక వచ్చి ప్రాణం పోగొట్టుకొన్న ఎవరో దానిని తాకి బ్రతుకుతారు. వారెవరో మనకు తెలియదు. దీనికి విడిగా చందా కట్టవలసి రావడం వేరు సంగతి.

మన కళాశాల క్రీడల గదిలో క్యారమ్ బల్ల, చదరంగం ఉన్నవి. వాటి ప్రక్కన ఇటువంటి యంత్రమొకటి, సాయంత్రం ఒక గంట మాత్రమే ఆడే నియమంతో, ఉంచవలసిందిగా కమిటీ పెద్దలకు నా మనవి. మొదట క్రొత్తవారికి ఆడే అవకాశమివ్వాలని కూడా నియమం పెట్టండి.

అన్నట్లు, యోషీ వీపుపై తోటి ఆటగాళ్లు ఎక్కి స్వారీ చేయవచ్చును. ఈ సంగతి మా తమ్మునికి రెండవ రోజున తెలిసింది. ఇప్పుడు కష్టమైన చోటు రాగానే చెల్లెలి వీపెక్కి కూర్చుంటున్నాడు. "భాయ్, ఇక దిగు" అని ఆమె అరుస్తూనే ఉన్నది.