పెద్దల కోసం వారానికో గంట

ఏటా అక్టోబరు ఒకటిన వృద్ధుల కేంద్రాలకు ఎక్కడలేని సందడి వస్తుంది. ఐక్యరాజ్యసమితి 1990లో ఆ తేదీని అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవంగా ప్రకటించింది కాబట్టి సంఘాలు, పార్టీలు, కాలేజీలు బ్యానరు పట్టుకుని బయల్దేరతాయి. బ్రెడ్డు ప్యాకెట్లు, శాలువాలు, యాపిల్ పండ్లు! దవడ పళ్లు రాలిపోయిన తాత చేతిలో యాపిల్ పెట్టి నవ్వమంటారు. ఆ ఫొటోలన్నీ పత్రికల డెస్కులకే వస్తాయి. మిగిలిన 364 రోజుల్లో ఎన్ని వస్తాయో కూడా మాకు తెలుసు.

మన హోసూరు తట్టు చూడండి. 1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది మొదలు చుట్టుపక్కల పల్లెలు ఒక్కొక్కటిగా పట్నంలో కలిసిపోయాయి. 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది. కొడుకు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతాడు, లేదంటే అత్తిబెలె దాటి బెంగళూరుకు పోతాడు. కోడలికీ ఉద్యోగం. పిల్లలు బడికి. తెల్లారి ఏడు గంటల నుంచి పొద్దుగూకేదాకా ఇంట్లో మిగిలేది అవ్వ ఒకతి, టీవీ ఒకటి. పస్తు పెట్టే ఇల్లేం కాదది. ముద్ద, చారు మూతపెట్టే పోతారు. కాకపోతే పలకరించే మనిషి ఉండడు. ఇలాంటివాళ్లకు వృద్ధాశ్రమం అక్కర్లేదు, ఆ మాటంటే ఇంట్లోవాళ్లూ నొచ్చుకుంటారు. పగలు వచ్చి కూర్చుని సాయంత్రం ఇంటికి పోయే చోటు కావాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్లు 8.6 శాతమైతే తమిళనాడులో 10.4 శాతం. ఆ తర్వాత ఇంకా పెరిగి ఉంటారే గానీ తగ్గరు. తమిళనాడు ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో ‘అన్బుచ్చోలై’ పేరుతో 25 పగటి కేంద్రాలు ప్రకటించింది. మంచి పనే. అయితే రాష్ట్రం మొత్తానికి పాతికంటే తళి, బేరికె, శూలగిరి పల్లెల దాకా ఎప్పటికి వచ్చేను? ఊళ్లోవాళ్లు నడుపుకునే చిన్న చిన్న కేంద్రాలే దిక్కు. అవి నడవాలంటే డబ్బు కంటే ముందు మనుషులు కావాలి. వచ్చి కూర్చునే మనుషులు.

కూర్చుని ఏం చేయాలని అడగొచ్చు. మన వైపు చేయాల్సిన పని ఒకటుంది, అది మరో చోట అంత అవసరం పడదు. ఇక్కడి పెద్దల్లో చాలామంది తెలుగు బడిలో చదివినవాళ్లు, లేదా బడి ముఖమే చూడనివాళ్లు. తమిళం మాట్లాడతారు, సంతలో బేరమాడతారు, కన్నడంలో కూడా నెగ్గుకొస్తారు. కానీ తమిళ కాగితం చేతికిస్తే ఆ గీతలు వాళ్లతో మాట్లాడవు. పింఛను ఆగిపోయిందని వచ్చిన నోటీసు, బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం, ఆస్పత్రి చీటీ, అన్నీ మడతపెట్టి చీర కొంగునో చొక్కా జేబులోనో పెట్టుకుని తిరుగుతుంటారు. 2023లో వృద్ధాప్య పింఛనును రాష్ట్రం వెయ్యి నుంచి 1,200 రూపాయలకు పెంచింది. ఆ పన్నెండు వందలూ ఎందుకు పడలేదో చదివి చెప్పే మనిషి లేక నెలలు గడిచిపోతాయి.

అంతకంటే పెద్ద ఇబ్బంది భూమి కాగితాలది. హోసూరు చుట్టూ సెంటు భూమి కూడా బంగారమైంది. కన్నబిడ్డల పేరిట దాన సెటిల్‌మెంటు రాసిచ్చే తాతలు, అవ్వలు తమిళంలో ఉన్న పత్రం కింద వేలిముద్ర వేసి వస్తారు. లోపల ఏముందో తెలియదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఉంది. తమను చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, తర్వాత బిడ్డలు చూడకపోతే ఆ దానాన్ని రద్దు చేయించుకోవచ్చు. షరతు ఉందా లేదా అన్నదే కీలకమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో ఈ చట్టాన్ని పెద్దలకు మేలు కలిగేలా ఉదారంగా అర్థం చేసుకోవాలంది. కోర్టుల దాకా పోవడమెందుకు, ముద్ర వేయకముందే ఆ నాలుగు పేజీలు తెలుగులో గట్టిగా చదివి వినిపిస్తే సరిపోయేది కదా! అదే చట్టం కింద పోషణ కోరుతూ ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం దానికుంది. ముసలివాళ్లు తాము పెట్టుకోలేకపోతే వాళ్లు ఒప్పుకున్న మనిషి గానీ సంస్థ గానీ పెట్టొచ్చు. కేంద్రానికి వచ్చే వలంటీరుకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైన వాళ్లది ఇంకో బాధ. బతికే ఉన్నామని ఏడాదికోసారి పత్రం ఇవ్వాలి. 2014లో దీన్ని వేలిముద్రతో డిజిటల్‌గా ఇచ్చే ఏర్పాటు చేశారు. ముప్ఫై ఏళ్లు లేత్ మెషీను తిప్పిన వేళ్లకు, కలుపు తీసిన వేళ్లకు ముద్ర ఎక్కడ పడుతుంది? 2021లో ఫోను కెమెరాకు ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. స్మార్ట్‌ఫోన్ ఉన్న కాలేజీ కుర్రాడికి పది నిమిషాల పని. తాతకు అదే పని మీద రెండు బస్సులు మారాలి, ఒక రోజు పోవాలి.

ఆ కుర్రాడి సంగతీ ఆలోచించాలి. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. ఆ ఏడు ఒకటిలో చేరిన పిల్లలు 2016 నాటికి పది పూర్తి చేశారు. వాళ్లిప్పుడు పాతికేళ్ల పడుచువాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తమిళం గడగడా చదువుతారు. వాళ్లలో తెలుగు అక్షరం రానివాళ్లే ఎక్కువ. ఎదురుగా కూర్చున్న అవ్వకు ఆ అక్షరాలొచ్చు, తమిళ అక్షరాలు రావు. ఒకే ఇంటిమాట మాట్లాడే ఇద్దరు ఒకరి కాగితం ఒకరు చదవలేరన్న మాట. వారానికో గంట కూర్చుంటే వీడు ఆమె నోటీసు చదివి పెడతాడు, ఆమె వీడికి గుణింతం దిద్దిస్తుంది. సేవ ఎవరు ఎవరికి చేస్తున్నట్టు? తెలుగు బడుల కోసం మనం పెట్టుకున్న అర్జీలు, కోర్టు కేసులు సాగనివ్వండి. అవి తేలేదాకా ఈ పని ఆపాల్సిన అవసరం లేదు.

వెళ్లేవాళ్లకు కొన్ని పద్ధతులు తెలియాలి. వారంలో ఒక రోజు అనుకుంటే ఆ రోజే, ఆ వేళకే వెళ్లాలి. వస్తానని చెప్పి రాకపోతే వాళ్లు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు, అసలు వెళ్లకపోవడం కంటే అది చెడ్డది. తాతా, అవ్వా అని పిలవండి, చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి. వాళ్ల ఏటీఎం కార్డు, రహస్య నంబరు మీ చేతికిచ్చినా పుచ్చుకోకండి. మందులు మీరు మార్చకండి. ఇంటి గొడవ చెప్పుకుంటే వినండి, ఊళ్లో చెప్పకండి. చెప్పిన కథే నాలుగోసారి చెబితే నాలుగోసారీ వినాల్సిందే. ఆడించడానికి కొత్త ఆటలేం అక్కర్లేదు, పులి-మేక గీసి గులకరాళ్లిస్తే మిమ్మల్నే ఓడించి పంపుతారు. పెద్దలపై వేధింపులు కనిపిస్తే 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది, ఫోను చేయండి.

కార్పొరేషన్‌ను, జిల్లా యంత్రాంగాన్ని అడగాల్సింది కూడా ఉంది. ఇక్కడ పెట్టే పగటి కేంద్రాల్లో బోర్డు తమిళంతో పాటు తెలుగులో, కన్నడంలో ఉండాలి. పనిచేసేవాళ్లలో ఒక్కరికైనా తెలుగు రావాలి. మరుగుదొడ్డికి మెట్లుండకూడదు. బస్టాపుకు నడవగలిగే దూరంలో పెట్టాలి. ఊరవతల చవగ్గా స్థలం దొరికిందని అక్కడ కట్టేస్తే మోకాళ్ల నొప్పుల అవ్వ ఎలా వస్తుంది? ఇదే కోరిక బళ్లారిలో కన్నడం పక్కన, బరంపురంలో ఒడియా పక్కన అక్కడి తెలుగువాళ్లూ అడగొచ్చు. బళ్లారిలో లిపి కాస్త దగ్గర కాబట్టి బాధ కొంత తక్కువ, బరంపురంలో ఆ సౌకర్యమూ లేదు.

ప్రభుత్వం వచ్చేదాకా మన తెలుగు సంఘాలు ఆగక్కర్లేదు. ఉగాదికి, సంక్రాంతికి తెరిచే హాళ్లు కొన్ని మిగతా రోజుల్లో తాళం వేసే ఉంటాయి. వారంలో రెండు రోజులు ఉదయం పది నుంచి నాలుగు దాకా ఆ తాళం తీస్తే కేంద్రం మొదలైనట్టే. తొలి నెలకు చాపలు, నాలుగు చేతుల కుర్చీలు, తాగునీళ్లు, ఒక తెలుగు పేపరు, ఒక తమిళ పేపరు, రెండూ చదివి చెప్పగల ఇద్దరు పిల్లలు చాలు.