జుగుప్స వేఱు, భయము వేఱు

అమెరికాలో పెద్ద స్టూడియోలు, చిత్రములలో చూపదగినదానిని, చూపరానిదానిని నిర్దేశించు హేస్ నియమావళికి ఇంకను లోబడియుండిన 1963వ సంవత్సరమున, మయామీ నగరమందు హెర్షెల్ గోర్డన్ లూయిస్ అను దర్శకుడును, డేవిడ్ ఫ్రీడ్‌మన్ అను నిర్మాతయు కలిసి, సుమారు 24,500 డాలర్ల స్వల్పధనముతో, పట్టుమని పదిదినములైనను పట్టకుండ తీసి ముగించిన ‘బ్లడ్ ఫీస్ట్’ను, రక్తమాంసప్రదర్శనమే ప్రధానముగా గల చిత్రములకు ఆ దేశమున ఆద్యమని చెప్పుట పరిపాటి. దానిని నీచమని త్రోసిపుచ్చువారితో గాని, అపురూపమని నెత్తికెత్తుకొనువారితో గాని నేను ఏకీభవింపజాలను.

తుపాకి గుండు తగిలినవాడు చొక్కా నలుగకుండ నేలకొరుగుటయే మరణమని చిరకాలముగా నమ్మించుచు వచ్చిన మర్యాదగల చిత్రముల నడుమ, మనుష్యదేహము చీలునని, నెత్తురు ఎఱ్ఱగా కారునని రంగులలో చూపుట ఒక విధమున సత్యభాషణమే. డ్రైవ్-ఇన్ థియేటర్లలో కార్లలో కూర్చుండి చూచు యువజనమును మాత్రమే నమ్ముకొని ఆ పనికి పూనుకొన్న వారి తెగువను నేను తక్కువగా నెంచను.

అయినను మోటెల్ గదిలో హంతకుడు యువతి నాలుకను పెఱికివేయు ఘట్టమును పరికింపుడు. గొఱ్ఱె నాలుకను తెచ్చి, చిక్కని కృత్రిమరక్తము పులిమిరి. దానిని పట్టుకొన్న చేతిని కెమెరా ఎంతకును విడువదు. కాని ఆ యువతి యెవరో, ఆమెకు ప్రియమైనదేదో తెలిసికొనుటకు మనకు క్షణమైనను దొరకదు. బాబిలోనియా దేవతయైన ఇష్టారును ఈజిప్టు దేవతగా చూపిన అజ్ఞానమును, పాఠము అప్పగించినట్లుండు సంభాషణలను క్షమింపవచ్చును. ఈ నిర్లక్ష్యమును క్షమింపరాదు. మన ఆలంకారికులు భయానకరసమునకు భయమును, బీభత్సరసమునకు జుగుప్సను స్థాయిభావములుగా వేర్వేఱు నిరూపించుట ఊరకయే కాదు. జుగుప్సకు మాంసఖండము చాలును. భయము కలుగవలెనన్న ఆపద యొకరికి రావలెను, ఆ యొకరు మనకు కావలసినవారు కావలెను.

లూయిస్‌కు ఈ మర్మము బొత్తిగా తెలియదనుట అన్యాయము. అమెరికా అంతర్యుద్ధమున నాశనమైన దక్షిణాది గ్రామమొకటి నూరేండ్లకు మరల లేచి ఉత్తరాది ప్రయాణికులపై పగతీర్చుకొను ‘టూ థౌజండ్ మేనియాక్స్’ చిత్రమున (1964), లోపలికి మేకులు దిగగొట్టిన పీపాలో ఒకనిని మూసి కొండవాలున దొర్లించినప్పుడు, అంతవరకు కేరింతలు కొట్టిన జనుల ముఖములు ఒక్కసారిగా వాడిపోవును. అంతలో పాట యెత్తుకొనగా మరల ఉత్సాహము తెచ్చుకొందురు. ఆ చిన్న మార్పులో కనబడు మనుష్యస్వభావమునకు సమమైనది మొదటి చిత్రమున ఎచ్చటను లేదు. ‘విజర్డ్ ఆఫ్ గోర్’ (1970) నాటికి ఆయన ఆ దారిని విడిచి మరల నెత్తురునే నమ్ముకొనుట నాకు మిక్కిలి విచారము గొలుపుచున్నది.

ఈ లోపమునకు ధనాభావమే కారణమందురా? పిట్స్‌బర్గ్ ప్రాంతమున జార్జ్ రొమెరో తీయగా 1968లో విడుదలైన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ కూడ స్టూడియోల లెక్కలో బీదచిత్రమే. అందును రక్తమునకు బదులు చాకొలెట్ పాకమే వాడిరి. అయినను రాత్రియంతయు ప్రాణములకు తెగించి పోరాడిన కథానాయకుడు బెన్ తెల్లవాఱగనే, రక్షింపవచ్చినవారి తుపాకి గుండుకే కూలిపోవునపుడు మన మనస్సు తల్లడిల్లును. ఏలయన నప్పటికి ఆతడెట్టివాడో మనము చక్కగా ఎఱుగుదుము.