పెత్రమాసకు అప్పెందుకు?

సైన్సు చదివేవాడికి పెత్రమాస గొడవెందుకని మిత్రులు నవ్వవచ్చు. అమావాస్య అంటే నాకు భయమేమీ లేదు. ‘అమా’ అంటే కలిసి అని అర్థం. సూర్యచంద్రులు ఒకే దిక్కున ఉంటారు, చంద్రుని వెలుగులేని వైపు మనకెదురుగా ఉంటుంది, అంతే. కాని భాద్రపద బహుళ అమావాస్యనాడు మా ఊళ్లో ఇంటింటా పోయిన పెద్దల పేర్లు తలుస్తారు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నా మనసొప్పదు. మా తాత తవ్విన బావి నీళ్లతో పండిన పంటే నన్ను కాలేజీకి పంపింది. ఏడాదికొకసారి ఆయన పేరు తలిస్తే నా కెమిస్ట్రీకి వచ్చే నష్టం లేదు.

నా అభ్యంతరమల్లా అప్పు గురించే. పెత్రమాస ఎప్పుడొస్తుందో చూడండి. సెప్టెంబరులోనో, అక్టోబరులోనో. పత్తి ఇంకా చేనుమీదే ఉంటుంది, వరి పొట్టమీద ఉంటుంది, రైతు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఎరువులకూ మందులకూ తెచ్చిన బాకీ అప్పటికే నెత్తిమీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే చుట్టాలను పిలవాలి, యాటను కొయ్యాలి, సీసాలు తేవాలి. (మా తాత కల్లు తప్ప ఏదీ ముట్టలేదట. ఆయన పేరుమీద బ్రాందీ ఎందుకో!) 2023లో మా ఇంట్లో నూటికి మూడు రూపాయల మిత్తికి ఎనిమిది వేలు తెచ్చి పండుగ చేశారు. సంక్రాంతి దాటి పత్తి అమ్మినాక గాని అది తీరలేదు. ఎందుకు నాయినా అంటే, ‘పక్కింటోళ్లు ఏమనుకుంటర్రా’ అన్నాడు.

పోనీ, శాస్త్రం అప్పు చేయమన్నదా? విష్ణుపురాణం మూడవ అంశంలో ఈ సంగతే ఉంది. ఉన్నవాడు ఉన్నంతలో పెట్టాలి. లేనివాడు నాలుగు నువ్వులు, నీళ్లు వదిలినా చాలు. అదీ లేకపోతే ఆవుకు ఒకరోజు గడ్డి. ఏమీ లేనివాడు అడవికి పోయి చేతులు రెండూ పైకెత్తి, తన దగ్గర భక్తి తప్ప మరేమీ లేదని పెద్దలకు చెప్పుకుంటే సరిపోతుందట. ఇంత దయగల మాట ఊళ్లో ఎవరూ చెప్పరేం?

అదే సాయంత్రం మా ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. గునుగు, తంగేడు గట్లమీద ఊరికే దొరుకుతాయి. ఏ షావుకారు దగ్గరికీ పోనక్కరలేదు.

బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పళ్లెంలో పెట్టి అయ్యగారికిచ్చే ఆచారం మాత్రం ఉండాలనే నేనంటాను. అది ఒక మనిషికి ఒక పూట తిండి. కర్ణుడు జన్మంతా బంగారం దానం చేసి, అన్నం పెట్టనందువల్ల స్వర్గంలో ఆకలితో మాడాడని, అన్నం పెట్టి రావడానికి పదిహేను రోజులు మళ్లీ భూమిమీదికొచ్చాడని మా నాయనమ్మ చెప్తుంది.

తాతతో కలిసి ఆ బావి తవ్వినవాళ్లలో ఒక ముసలాయన ఇంకా ఉన్నాడు. కొడుకులు బతకడానికి హైదరాబాదు పోయారు. వచ్చే పెత్రమాసకు యాట మాని ఆయనకూ ఒక పళ్లెం ఇద్దామని ఇంట్లో అన్నాను. అమ్మ సరేనంది. నాయిన ఇంకా ఏమీ అనలేదు.