గోల్ కీపరు తొలినాళ్లు – మనకొక పాఠము

గోలు కొట్టినవానిని భుజములపై నెత్తుకొని ఊరేగించుట లోకరీతి. గోలును ఆపినవానిని ఆ సమయమున ఎవరును వెదకరు. ముందువరుస ఆటగాడు పది అవకాశములను జారవిడిచి ఒక్కదానిని గోలుగా మలచినచో వీరుడగును. గోల్ కీపరు పది బంతులను ఆపి ఒక్కదానిని విడిచినచో ఓటమికి కారకుడగును. అతడు చేసిన మేలు లెక్కకు రాదు. అతని పొరపాటు మాత్రము ఫలకముపై అంకెగా నిలిచిపోవును.

క్రీడల ముచ్చట కళాశాల వార్షిక సంచికలో ఏల యని కొందరు అడుగవచ్చును. మా అభిప్రాయమున ఇది విద్యకు సంబంధించిన విషయమే. గోల్ కీపరు తొలినాళ్లు ఆ యువకునికి ఎంత పరీక్షయో, అతనిని పెంచు పెద్దలకు అంతకు మించిన పరీక్ష. మొదటి వైఫల్యముతోనే అతనిని ప్రక్కకు నెట్టుదురా, లేక అతనికి తగిన చోటును, తగిన కాలమును ఇత్తురా అనునదే ఆ పరీక్ష. ఇందుకు మన నగరమునుండియే ఒక ఉదాహరణము కలదు.

పీటర్ తంగరాజ్ 1935 డిసెంబరు 24న హైదరాబాదులో జన్మించెను. ఆనాటి హైదరాబాదు, సికింద్రాబాదులు ఫుట్‌బాల్‌కు పుట్టినిండ్లు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆ గాలి పీల్చుచు పెరిగిన తంగరాజ్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అను స్థానిక క్లబ్బులలో ఆట మొదలిడెను. 1953లో, అనగా మన ఇంటర్మీడియట్ విద్యార్థుల ఈడులోనే, సైన్యమున చేరి మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టులో ప్రవేశించెను.

ఇచ్చట మన విద్యార్థులు గమనింపవలసిన సంగతి యున్నది. అతడు ఆ జట్టులోనికి వచ్చినది గోల్ కీపరుగా కాదు. సెంటర్ ఫార్వర్డుగా, అనగా గోలు కొట్టవలసినవానిగా. పిమ్మట అతనిని ముందువరుస నుండి తప్పించి గోలు ముందు నిలిపిరి. మన కళాశాలలలో ఇట్టి మార్పును అవమానముగా భావింతురు. ఎంపీసీ నుండి సీఈసీకి మారిన విద్యార్థిని చూచి ఇరుగుపొరుగు వారు జాలిపడుట మనమెరిగినదే. తంగరాజ్‌కు ఆ మార్పే జీవితమైనది. మద్రాసు రెజిమెంటల్ సెంటరు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పును సాధించెను. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్న భారత జట్టులలో అతడుండెను. అటుపిమ్మట కలకత్తాకు వెడలి మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను మూడు మహా జట్లకును ఆడెను. 1967లో అర్జున పురస్కారము నందెను. గోల్ కీపరుగా మారక పూర్వము అతడెన్ని గోలులు కొట్టెనో నేడెవరును అడుగుట లేదు.

మెల్‌బోర్న్ క్రీడలకు మరియొక గోల్ కీపరు కూడ వచ్చియుండెను. అతడు బంగారు పతకము గెలిచిన సోవియట్ జట్టు కాపరి, లెవ్ యాషిన్. ఇతని తొలినాళ్ల కథ ఇంకను విచిత్రమైనది. యుద్ధకాలమున బాలుడుగా నుండగనే కర్మాగారములో పనిచేసెను. పిమ్మట మాస్కో డైనమో క్లబ్బులో చేరెను. 1950లో మొదటి జట్టుకు ఆడిన ఒక స్నేహపూర్వక పోటీలో, ఎదుటి గోల్ కీపరు దూరమునుండి తన్నిన బంతి నేరుగా వచ్చి ఇతని గోలులో పడెను. గోల్ కీపరుకు ఇంతకంటె తలవంపు వేరొకటి లేదు. ఆ ఏడు లీగులో రెండు పోటీలు మాత్రమే ఆడనిచ్చిరి. మరల మొదటి జట్టులో చోటు దొరకుటకు 1953 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఆ నడిమి కాలమున అతడేమి చేసెను? అదే క్లబ్బు ఐస్ హాకీ జట్టుకు గోల్ కీపరుగా నిలిచెను. మనకు ఈ ఆట పరిచయము లేదు గనుక రెండు మాటలు చెప్పవలెను. గడ్డకట్టిన మంచుపై, ఉక్కు పలుగుల జోళ్లు తొడిగి ఆడు ఆట ఇది. బంతికి బదులు సుమారు 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల. ఫుట్‌బాల్ గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు కాగా, ఇందులో గోలు వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులే. గోలు చిన్నదైనను బిళ్ల వేగము కంటికి అందనిది. 1953లో డైనమో సోవియట్ ఐస్ హాకీ కప్పును గెలిచినపుడు గోలు కాచినవాడు యాషినే. తరువాత పదేండ్లకు, 1963లో, ఐరోపా ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగానికిచ్చు బాలన్ డోర్ పురస్కారము అతనికి లభించెను. ఆ పురస్కారమందిన గోల్ కీపరు నేటికిని అతడొక్కడే.

డైనమో వారు 1950లోనే అతనిని ఇంటికి పంపియుండినచో లోకము యాషిన్ పేరు వినియుండెడిది కాదు. వారు అతనికి బిరుదులీయలేదు, ఓదార్పు మాటలతో సరిపుచ్చనూ లేదు. నిలుచుటకు మరియొక గోలును చూపిరి, మూడేండ్లు ఆగిరి. గురుత్వమనగా ఇదియే యని మేము తలచుచున్నాము.

ఈ గుణమునకు మన ఊరిలోనే గొప్ప ఉస్తాదు ఒకరుండిరి. సయ్యద్ అబ్దుల్ రహీం గారిని లోకము భారత ఫుట్‌బాల్ శిక్షకులుగా ఎరుగును. వారు వృత్తిచేత బడిపంతులు కూడ. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన భారత జట్టు మరల అదే జట్టును ఎదుర్కొనెను. ఆనాడు గోలు ముందు నిలిచినవాడు తంగరాజ్. భారతము 2–1తో గెలిచెను. తొలి ఓటమిని తుది లెక్కగా భావింపని గురువు, ముందువరుస నుండి వెనుకకు వచ్చిన శిష్యుడు ఆనాడు ఒకే జట్టున నుండిరి.

ఇక మన చెంతకు వత్తము. మన ఉప్పల్‌లో అంతర్జాతీయ క్రికెట్ మైదానము కలదు. 2005 నుండి అచ్చట దేశదేశముల జట్లు ఆడుచున్నవి. దాని వెలుపల మన పిల్లలు ఆడుటకు ఎంత నేల మిగిలినది? నాచారము పారిశ్రామికవాడ మొదలు హబ్సిగూడ, రామంతాపూర్ వరకు ఖాళీ జాగా కనబడినచో అపార్టుమెంటు లేచుచున్నది. కార్మికుల బిడ్డలకు సందులే మైదానములు. ఇట్టి చోట కళాశాలకున్న కొద్దిపాటి నేలను కూడ వాహనములు నిలుపుటకో, గదులు కట్టుటకో వినియోగింపవచ్చునను మాట వినవచ్చుచున్నది. గదులు అవసరమే, మేము కాదనము. అయితే గదిలో నేర్పలేని పాఠమొకటి కలదు. గోలు పడిన మరుక్షణమున వలలోనుండి బంతిని తానే తీసి నడిమికి విసరి, మరల గోలు ముందు నిలుచుట ఆ పాఠము. దానిని నల్లబల్లపై వ్రాసి నేర్పుట ఎవరి తరమును కాదు.

ఈ పాఠము లేమి ఎంత ప్రమాదమో మనము కన్నులార చూచితిమి. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట మన తెలంగాణలో ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలోని లోపములపై రాష్ట్రమంతట ఆందోళన జరిగెను. లోపము ఎవరిదైనను, పదునేడేండ్ల బిడ్డ ఒక్క అంకెను చూచి తన ఆట ముగిసినదనుకొనుటకు కారణము మన పెంపకములో కూడ ఉన్నది. మొదటి గోలుతో ఆట ముగియదని వానికి ఎవరును చెప్పలేదు. చెప్పినను, చేసి చూపలేదు.

ఆటలు అన్నము పెట్టునా యని తల్లిదండ్రులు అడుగుట సహజము. మన విద్యార్థులందరు తంగరాజ్‌లు కారు. నూరుగురిలో ఒక్కడును కాకపోవచ్చును. మేము కోరునది పతకములు కావు. నాటి చిత్తూరు జిల్లా పల్లె నుండి వచ్చి భారత మహిళా హాకీ జట్టుకు గోల్ కీపరైన ఎతిమరపు రజని వంటి వారిని చూచి, మన విద్యార్థినులు కూడ మైదానమున అడుగిడుటకు వెరవకుండిన అంతియే చాలును.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము. ఆటస్థలమును ఆటస్థలముగానే ఉంచుడు. జట్ల ఎంపికలో మొదటి ఏడు తప్పిన విద్యార్థిని రెండవ ఏడు తప్పక మరల పిలిచి చూడుడు. ఒక ఆటలో ఇమడనివానికి వేరొక ఆటను, వేరొక చోటును చూపుడు. ఈ నియమమునే తరగతి గదికి కూడ వర్తింపజేయుడు. ఒక పరీక్షలో తప్పినవాని పేరును ఫలకముపై వ్రాయుటకు ముందు, వానిని పిలిచి మాటలాడు అధ్యాపకుడొకరుండవలెను. ఆ పనికి మేము సిద్ధముగా నున్నాము. మా తోటి అధ్యాపకులును వెనుదీయరని మా నమ్మకము.

విద్యార్థులారా, గోలు కొట్టినవానికి చప్పట్లు కొట్టుడు, అది న్యాయమే. పిమ్మట ఒక్కసారి మైదానపు ఆవలి కొనకు చూడుడు. అచ్చట ఒంటరిగా నిలిచినవాడు కూడ మీ తోటివాడే. అతడు గోలు విడిచిన దినమున మీరతని ప్రక్కకు పోయి నిలుతురా?