సేవల ఎగుమతులు: ఎవరి లెక్క వారిదే

భారత రిజర్వ్ బ్యాంకు ఏటా జరిపే సర్వే ప్రకారం 2023-24లో మన దేశం 19,070 కోట్ల డాలర్ల విలువైన సాఫ్ట్‌వేర్ సేవలను ఎగుమతి చేసింది. విదేశాల్లోని మన కంపెనీల శాఖలు అక్కడే అమ్ముకున్నవి ఇందులో లేవు. ఈ మొత్తంలో సగానికి పైగా అమెరికాకే వెళ్లింది. అంటే ఒక్క సాఫ్ట్‌వేర్ పద్దు కిందే అమెరికా మనకు సుమారు పదివేల కోట్ల డాలర్లు చెల్లించి ఉండాలి. ఇప్పుడు వాషింగ్టన్ పద్దు చూడండి. 2024లో భారత్ నుంచి తాము కొన్న సేవలన్నీ, అంటే సాఫ్ట్‌వేర్, రవాణా, పర్యటనలు, కన్సల్టెన్సీ వగైరా అన్నీ కలిపినా 4,160 కోట్ల డాలర్లేనని అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం 2025లో చెప్పింది. పైగా సేవల వ్యాపారంలో భారత్‌పై తమకే పది కోట్ల డాలర్ల మిగులు ఉందట. వారిది 2024 జనవరి నుంచి లెక్క, మనది 2023 ఏప్రిల్ నుంచి. ఆ తొమ్మిది నెలల తేడాతో ఇంత అగాధం పూడదు.

ఇద్దరిలో ఎవరూ దొంగలెక్క రాయడం లేదు. అడిగిన మనుషులు వేరు, అడిగిన ప్రశ్నలు వేరు.

సరకుల లెక్కకు ఈ తంటా తక్కువ. విశాఖ రేవు నుంచి రొయ్యల కంటైనర్ కదిలితే కస్టమ్స్ దగ్గర షిప్పింగ్ బిల్లు పడుతుంది. ఎన్ని టన్నులు, ఏ ధర, ఏ దేశానికి అన్నది అందులోనే ఉంటుంది. ఆ కాగితాలన్నీ కోల్‌కతాలోని వాణిజ్య సమాచార, గణాంకాల డైరెక్టరేట్ జనరల్‌కు చేరి నెలవారీ పట్టికలవుతాయి. సేవకు రేవు లేదు. గచ్చిబౌలిలో కూర్చున్న ఇంజనీరు డల్లాస్‌లోని ఓ బ్యాంకు సర్వర్‌లో లోపం సరిచేస్తే అది ఏ గేటు దాటిందని బిల్లు రాస్తారు? అందుకే సేవను నేరుగా కొలవరు. వచ్చిన డబ్బును కొలుస్తారు, లేదంటే కొన్నవారినే అడిగి రాసుకుంటారు. మన దేశం ప్రధానంగా మొదటి దారి పట్టింది, అమెరికా రెండోది.

మన దారి ఎలా ఉంటుందో చూద్దాం. కాకినాడలో ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేసే ఒక యువకుడు ఉన్నాడనుకోండి. ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి అతని ఖాతాకు 500 డాలర్లు పంపింది. వాటిని రూపాయల్లోకి మార్చాలంటే బ్యాంకు పర్పస్ కోడ్ అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఎగుమతి వివరాలు రాసే సాఫ్టెక్స్ ఫారం పరిధిలోకి రాని సాఫ్ట్‌వేర్ పని అయితే పీ0802. వ్యాపార, మేనేజ్‌మెంట్ సలహా అయితే పీ1006. విదేశంలో ఉన్న మనవాళ్లు ఇంటి ఖర్చుకు పంపింది అయితే పీ1301. కోడ్ల చిట్టా చేంతాడంత ఉంటుంది. కౌంటర్ దగ్గర తొందర ఉంటుంది. మొదటిసారి ఏ కోడ్ వేశారో తర్వాత నెలనెలా అదే పడుతుంది. అతను పీ1301 వేశాడా, ఆ 500 డాలర్లు దేశం చేసిన ఎగుమతి కాకుండా ప్రవాసులు పంపిన సొమ్ము పద్దులో చేరతాయి. కరెంట్ ఖాతా మొత్తం మారదు. కానీ సేవల ఎగుమతి అంత తగ్గుతుంది, రెమిటెన్సులు అంత పెరుగుతాయి. బ్యాంకులు ఈ కోడ్లన్నిటినీ ఫెటర్స్ అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ద్వారా రిజర్వ్ బ్యాంకుకు పంపుతాయి. దేశ సేవల ఎగుమతులు ఇన్ని వేల కోట్ల డాలర్లని మనం చదివే అంకె కింద ఇలా టిక్కు పెట్టిన ఫారాలు కొల్లలు.

పెద్ద కంపెనీల సంగతి ఇంత వదులుగా లేదు. అవి సాఫ్టెక్స్ ఫారాలు నింపి, సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ ఎస్టీపీఐతోనో ప్రత్యేక ఆర్థిక మండలి అధికారులతోనో ధ్రువీకరింపజేసుకోవాలి. దీనికి తోడు రిజర్వ్ బ్యాంకు సాఫ్ట్‌వేర్ సర్వే ఉంది. 2023-24 విడతలో ఏడు వేలకు పైగా కంపెనీలకు ప్రశ్నావళి పంపితే, జవాబిచ్చినవి రెండు వేల పైచిలుకు. వాటిలో పెద్ద కంపెనీలు చాలావరకు ఉన్నాయి కాబట్టి ఎగుమతుల విలువలో సింహభాగం నేరుగా తెలిసినట్టే. తక్కినది అంచనా.

అమెరికాలో ఈ పని బ్యూరో ఆఫ్ ఎకనమిక్ అనాలిసిస్ చేస్తుంది. బ్యాంకుల జోలికి పోదు. విదేశాల నుంచి సేవలు కొనే కంపెనీలకే ప్రశ్నావళి పంపుతుంది, జవాబివ్వడం చట్టరీత్యా తప్పనిసరి. కొనుగోళ్లు నిర్ణీత పరిమితి దాటని కంపెనీలు వివరాలు ఇవ్వనక్కర్లేదు, వాటి వాటాను బ్యూరో అంచనా వేసుకుంటుంది. పక్కాగా కనిపించే ఏర్పాటే. కానీ విదేశీ సేవ కొంటున్నామని గుర్తించని కంపెనీ జాబితాలోకే రాదు. అమ్మినవాడికి తన ప్రతి కొనుగోలుదారూ తెలుసు. కొన్నవాళ్లందరినీ వెతికి పట్టుకోవడం ప్రభుత్వానికి అంత తేలిక కాదు.

ఈ తగాదా కొత్తది కూడా కాదు. 2003లో తమ దేశం భారత్ నుంచి కొన్న వ్యాపార, సాంకేతిక సేవల విలువ 42 కోట్ల డాలర్లని అమెరికా చెప్పింది. అదే ఏడాది అమెరికాకు 870 కోట్ల డాలర్ల సేవలు ఎగుమతి చేశామని మనం చెప్పాం. ఇరవై రెట్లు! అప్పట్లో అమెరికాలో ఔట్‌సోర్సింగ్ మీద రాజకీయ దుమారం రేగుతోంది. ఆ తేడా ఎందుకొచ్చిందో తేల్చే పనిని అమెరికా కాంగ్రెస్ తరఫున గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ చేసి, 2005 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. అందులో చెప్పిన కారణాలు ఇప్పటికీ చదవదగ్గవి. అమెరికా అంకెలో మాతృసంస్థ, అనుబంధ సంస్థల మధ్య లావాదేవీలు లేవు. మన అంకెలో ఉన్నాయి. అమెరికా కంపెనీలకు ఇతర దేశాల్లో ఉన్న శాఖలకు చేసిన పనిని కూడా మనం అమెరికా ఖాతాలో వేస్తే, వారు వేయలేదు. సేవలు కొన్న అమెరికా కంపెనీలన్నీ సర్వేకు చిక్కలేదు. అన్నిటికంటే ఆసక్తికరమైనది, అమెరికాకు వెళ్లి అక్కడే పనిచేసే మన ఇంజనీర్ల జీతాలు.

ఇక్కడ అంతర్జాతీయ నియమం ఒకటి ఉంది. ఎవరు ఏ దేశపు నివాసి అన్నది పాస్‌పోర్టును బట్టి తేల్చరు. ఏడాదికి పైగా ఎక్కడ ఉంటే సాధారణంగా ఆ దేశపు నివాసిగానే లెక్క. ఒక భారతీయ కంపెనీ తరఫున హెచ్-1బీ మీద న్యూజెర్సీ వెళ్లి రెండేళ్లుగా అక్కడే పనిచేస్తున్న ఇంజనీరు అమెరికా లెక్కల్లో అమెరికావాడే. అతను అక్కడి క్లయింటుకు చేసిన పని ఒక అమెరికన్ ఇంకో అమెరికన్‌కు చేసినట్టు, ఎగుమతీ కాదు దిగుమతీ కాదు. మన కంపెనీ మాత్రం దాన్ని ఆన్‌సైట్ ఎగుమతిగా రాసుకుంటుంది. అయితే 2005లో ఇది ఎంత పెద్ద కారణమో ఇప్పుడు అంత కాదు. మన సర్వేల్లోనే ఆన్‌సైట్ వాటా బాగా చిక్కిపోయింది, పని అధికభాగం ఇక్కడి నుంచే జరుగుతోంది. ఆ కారణం బలహీనపడినా అగాధం పూడలేదు. కాబట్టి వెతకాల్సింది మిగతా చోట్ల.

నేను వెతికితే ముందు ఇన్వాయిస్ దారి వెతుకుతాను. అమెరికా బ్యాంకు కోసం చేసిన పనికి బిల్లు ఐర్లాండ్ అనుబంధ సంస్థ పేరిట వెళ్లొచ్చు, డబ్బు సింగపూర్ నుంచి రావచ్చు. మన కంపెనీ సర్వేలో క్లయింటు దేశం అమెరికా అని రాస్తుంది. అమెరికా ప్రశ్నావళిలో ఆ లావాదేవీ ఐర్లాండ్ నుంచి కొన్నట్టు కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. రిజర్వ్ బ్యాంకు చెప్పే మొత్తాన్ని నేను నమ్ముతాను. వచ్చిన డాలరు వచ్చినట్టే, దానికి బ్యాంకు ఖాతా సాక్షి. దేశాలవారీగా పంచి చెప్పేటప్పుడు మాత్రం ఆ అంకెను అంత గట్టిగా పట్టుకోలేం.

రెండోది, హైదరాబాద్‌లో వీధికొకటిగా వెలుస్తున్న గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, అంటే విదేశీ సంస్థలు తమ పని కోసమే నడిపే కార్యాలయాలు. ఇక్కడ అమ్మేదీ కొనేదీ ఒకే కంపెనీ. ధరను బేరం తేల్చదు, ఆదాయపు పన్ను నిబంధనలు తేలుస్తాయి. సెంటరు అయిన ఖర్చు మీద ఇంత శాతం లాభం కలిపి మాతృసంస్థకు బిల్లు పంపుతుంది. ఇక్కడ రాసిన ప్రోగ్రాంతో ఆ సంస్థ ప్రపంచమంతా వందల కోట్లు సంపాదించినా మన ఎగుమతి విలువ మాత్రం జీతాలు, అద్దెలు, కరెంటు బిల్లు, ఆపై ఆ శాతమే. ఈ లెక్కన మన ఎగుమతి విలువ ఎక్కువ కాదు, తక్కువే చూపిస్తున్నామని వాదించవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వాలు చాటుకునే ఐటీ ఎగుమతుల అంకెలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. తెలంగాణ ఏర్పడే నాటికి, 2013-14లో ఆ అంకె 57,258 కోట్ల రూపాయలు. 2023-24కి 2,68,233 కోట్లు. దాదాపు 4.7 రెట్లు. కానీ అప్పుడు డాలరు సగటున 60 రూపాయల చిల్లర, 2023-24లో 83 దరిదాపు. డాలర్లలోకి మారిస్తే పెరుగుదల 3.4 రెట్లు. అదీ గొప్ప వృద్ధే, కాదనను. ఎగుమతి అంటే విదేశీ డబ్బు కదా, దాన్ని రూపాయల్లో కొలిచి రెట్లు చెప్పుకోవడమే సరికాదు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఈ అలవాటు మారలేదు.

ఇక దిగుమతి వైపు, మన ఇళ్లకు దగ్గరి విషయం ఒకటుంది. ఇంతకుముందు చెప్పిన ఏడాది నివాస నియమం విద్యార్థులకు వర్తించదు. ఎన్నేళ్లు చదివినా విద్యార్థి స్వదేశపు నివాసే. అతను అక్కడ కట్టే ఫీజు, అద్దె, తిండి ఖర్చు అంతా ఆ దేశానికి సేవల ఎగుమతి, మనకు దిగుమతి. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్కించింది. అందులో 97,556 మంది చదువు ముగించి, అక్కడే పనిచేసే అనుమతి అయిన ఓపీటీ మీద ఉన్నవారు. మొత్తం విద్యార్థుల్లో తెలుగు పిల్లలు ఎందరో అమీర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో కన్సల్టెన్సీ బోర్డులు చూస్తే ఊహకు అందుతుంది. అదే ఏడాది విదేశీ చదువుల కోసం ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే పథకం) కింద మన బ్యాంకుల ద్వారా వెళ్లిన సొమ్ము 348 కోట్ల డాలర్లు. ఇది అమెరికాకే కాదు, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా అన్నిటికీ కలిపి. అదంతా అమెరికాకే వెళ్లిందనుకున్నా, ఓపీటీ వారిని తీసేసినా తలకు పదిహేను వేల డాలర్లు దాటదు. అమెరికాలో ఎంఎస్ చేయించిన ఏ తల్లిదండ్రులనైనా అడగండి, ఆ డబ్బుతో ఏడాది గడుస్తుందేమో.

మిగతాది ఎక్కడ? కొంత క్యాంపస్‌లో పార్ట్‌టైం జీతం. కొంత అక్కడే స్థిరపడిన అన్నయ్యో బాబాయో కట్టింది. కొంత మనం పంపిందే కానీ దగ్గరి బంధువుల పోషణ అనే మరో కోడ్ కింద పోయింది. కొంత క్రెడిట్ కార్డు గీకింది. బ్యాంకు కోడ్ల మీద ఆధారపడే పద్ధతికి వీటిలో చాలావాటిని విద్యా దిగుమతిగా గుర్తించే వీలే లేదు. విదేశీ చదువులకు దేశం ఎంత ఖర్చుపెడుతోందనే ప్రశ్నకు ఎల్‌ఆర్‌ఎస్ అంకె ఒక్కదాన్నే జవాబుగా చూపించడం తప్పుదారి పట్టించడమే. విదేశాలకు పంపే సొమ్ముపై పన్ను వసూలు నిబంధనలు రాసే ఆర్థిక శాఖ ముందుగా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తొందరపాటు ఇంకొకటి. ప్రతి నెలా మధ్యలో వాణిజ్య శాఖ సరకులు, సేవలు కలిపి మొత్తం ఎగుమతులు ప్రకటిస్తుంది. ఆ నెల సేవల అంకె అప్పటికి రిజర్వ్ బ్యాంకు నుంచి రాదు, అది అంచనా మాత్రమేనని కింద చిన్నగా రాస్తారు. 2024-25 మొత్తం ఎగుమతులు 82,093 కోట్ల డాలర్లని ఏప్రిల్ మధ్యలో చెప్పారు. మే మొదట్లో రిజర్వ్ బ్యాంకు అంకె రాగానే అది 82,490 కోట్లయింది. మూడు వారాలు తిరక్కుండానే దాదాపు 400 కోట్ల డాలర్లు కలిశాయి. సవరణ తప్పు కాదు, సవరించడమే నిజాయితీ. టీవీ స్క్రోలింగుల్లో మాత్రం మొదటి అంకెకున్న హడావుడి రెండోదానికి ఉండదు.

ఇదంతా లెక్కల మాస్టార్ల గొడవ అనుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దేశాలవారీగా సుంకాలు విధించినప్పుడు సరకుల లోటునే చూసింది, సేవలను పక్కన పెట్టింది. భారత్‌తో వారి సరకుల లోటు 4,500 కోట్ల డాలర్లకు పైన. సేవలు కూడా కలిపి, అదీ మన లెక్కతో కలిపి చూసి ఉంటే ఆ లోటు కుప్పలా పెరిగేది. అంటే మన అంకె నిజమని గట్టిగా అంటే మనకే నష్టం. అదే ఏడాది సెప్టెంబరులో, ఔట్‌సోర్సింగ్ చెల్లింపులపై 25 శాతం పన్ను వేయాలనే బిల్లును అమెరికా సెనేట్‌లో ప్రవేశపెట్టారు. దాని గురించి వాదించాలంటే అమెరికా కంపెనీలు మనకు నిజంగా ఎంత చెల్లిస్తున్నాయో తెలియాలి. ఢిల్లీ ఈ విషయంలో మౌనంగా ఉండటం వెనుక కొంత తెలివి ఉందేమో. నాకు మాత్రం అది తెలివికన్నా బద్ధకంగానే తోస్తోంది.

బ్రిటన్, అమెరికాల మధ్య కూడా ఇదే చిక్కు వచ్చింది. సేవల్లో తనకే మిగులని ఇద్దరూ చెప్పుకునేవారు. ఇరుదేశాల గణాంక సంస్థలు కూర్చుని, తేడా ఎక్కడెక్కడ వస్తోందో పద్దుపద్దుగా వెతికి ప్రచురించాయి. తేడా పూర్తిగా పోలేదు, కానీ ఎందుకు ఉందో లోకానికి తెలిసింది. మనకు సేవల మిగులు చిన్న విషయం కాదు. 2024-25లో అది 18,800 కోట్ల డాలర్ల పైచిలుకు, సరకుల లోటులో చాలా భాగాన్ని పూడ్చింది అదే. అయినా ఏ దేశానికి ఏ సేవ ఎంత అమ్మాం, ఎంత కొన్నాం అనే పట్టికను, సాఫ్ట్‌వేర్ సర్వేను మినహాయిస్తే, మనం క్రమం తప్పకుండా ప్రచురించడం లేదు. రిజర్వ్ బ్యాంకు, వాణిజ్య శాఖ కలిసి ఆ పట్టిక తేవాలి. అందులో అంచనా ఎంత, నేరుగా తెలిసింది ఎంత అన్నది పక్కనే రాయాలి. అమెరికాతో వాణిజ్య చర్చలకు వెళ్లే అధికారి చేతిలో ముందుగా ఉండాల్సిన కాగితం అదే.