కూలికీ కంపెనీకీ మధ్య మెట్లు

జ్యోతి రెడ్డి కథ విననివాళ్ళు తక్కువ. వరంగల్ వైపు పొలాల్లో రోజుకు అయిదు రూపాయల కూలి, తర్వాత అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ. మహిళా దినోత్సవం నాడు కర్నూలులో జొన్నరొట్టెలమ్మే నన్ను కూడా వేదికెక్కించి ఈ కథే చెబుతారు. గొప్ప కథే, కాదనను. కానీ చెప్పేవాళ్ళు కూలి నుంచి కంపెనీకి ఒక్క గెంతు వేయిస్తారు. మధ్యలో నెహ్రూ యువ కేంద్రం ఇచ్చిన రాత్రిబడి పని, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీ, సర్కారు టీచరు ఉద్యోగం ఉన్నాయి. ఎక్కడానికి మెట్లున్నాయి గనకే ఆమె తెగువ అక్కరకొచ్చింది.

మా పక్కనే ఓర్వకల్లు చూడండి. 1995 ప్రాంతంలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో అక్కడ పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి. రూపాయి రూపాయి దాచినవాళ్ళు మండల సంఘం కట్టుకున్నారు, బాలభారతి అని సొంతంగా బడే పెట్టారు. వానను నమ్ముకోలేని ఊళ్ళు అవి. విత్తనాల వేళకు వడ్డీవ్యాపారి గడప తొక్కిన ఇళ్ళ ఆడవాళ్ళే చాప మీద కూర్చుని లెక్కలు చెప్పుకున్నారు. ఇందులో స్వయంకృషి అని ఏ ఒక్కరి పేరు రాస్తారు?

నా మొదటి అప్పు కూడా సంఘందే. రెండు పెనాలు, గ్యాసు పొయ్యి, ఒక మూట జొన్నలు. మా ఆయన ఆసుపత్రిలో ఉన్న నెల నా కంతు మిగతావాళ్ళు కట్టారు. కట్టి, తర్వాతి సమావేశంలో నన్ను బాగా కడిగారు కూడా. అదేమీ ప్రేమ కాదబ్బా, నేను ఎగ్గొడితే వాళ్ళకు అప్పు పుట్టదు. జాలి కంటే ఆ లెక్కే మేలు.

సంఘం అప్పుతో అంగడి నిలబడుతుంది. పెరగాలంటే బ్యాంకుకు పోవాలి, అక్కడ ఆస్తి మాట వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అని ఎన్టీఆర్ సర్కారు 1986లోనే చట్టం తెచ్చింది, ఢిల్లీకి ఆ బుద్ధి 2005లో పుట్టింది. మా ఊళ్ళల్లో మాత్రం పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చీర, పసుపుకుంకుమ తీసుకుని, అన్నదమ్ములు చాపిన కాగితం మీద సంతకం పెట్టి వస్తాం.

పది లక్షల లోపు ముద్ర రుణానికి తాకట్టు అక్కర్లేదని 2015 నుంచీ వింటున్నాం. అయినా పిండిమర పెట్టుకుంటానని తిరుగుతున్న మా సంఘం పిల్లను, ఇంటిపత్రం ఉందా, మీ ఆయన వస్తాడా అని అడిగి వెనక్కి పంపారు. కలెక్టర్లు బ్యాంకర్లతో కూర్చున్నప్పుడు ఎన్ని కోట్లు ఇచ్చారని అడుగుతారు. ఆడవాళ్ళ దరఖాస్తులు ఎన్ని వెనక్కి పోయాయి, ఏ కారణం రాసి పంపారు అనేది కూడా అడగండి. మా పిల్ల దరఖాస్తు నకలు నా దగ్గరుంది, కారణం రాయాల్సిన చోట ఏమీ రాయలేదు.