ఆశపడ్డవాళ్లే దోషులా?



మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ కంపెనీల షేర్లపై మీ గత సంచికలో వచ్చిన వ్యాసం డబ్బు పోగొట్టుకున్న చిన్న మదుపరులందరినీ అత్యాశపరుల్లో జమకట్టింది. నేనొప్పుకోను. అమెరికాలోని డానిమర్ సైంటిఫిక్‌నే తీసుకోండి. ఆవజాతి కనోలా నూనెను బ్యాక్టీరియాకు మేపి, వాటి ఒంట్లో పేరుకునే పీహెచ్‌ఏ అనే పదార్థంతో ప్లాస్టిక్ తయారుచేసింది. ఆ సరుకు బూటకమేమీ కాదు! 2020 డిసెంబరులో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి వచ్చిన షేరు, కొద్ది వారాల్లోనే 60 డాలర్లు దాటింది. 2021 మార్చిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ శాస్త్రవేత్తలను అడిగి, సముద్రంలో ఆ ప్లాస్టిక్ కుళ్లే వేగంపై కంపెనీ చెప్పింది అతిశయోక్తేనని రాసింది. షేరు జారింది.

అసలు చిక్కు ఖాతా పుస్తకాల్లో ఉంది. మామూలు ప్లాస్టిక్ దీనికంటే చాలా చవక. ఫ్యాక్టరీ విస్తరణకేమో అప్పులు. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దివాలాలో అప్పులిచ్చినవాళ్ల తర్వాతే వాటాదారుల వంతు, అదీ ఏమైనా మిగిలితే.

ఈసారి ఇలాంటి కంపెనీ గురించి రాసేటప్పుడు, ఆ ప్లాస్టిక్ ఎక్కడ, ఎన్నాళ్లకు కుళ్లుతుందో, కిలో ఎంత పడుతుందో, కంపెనీకి అప్పెంతో ముందే రాయండి. మదుపరులను తిట్టడం తర్వాత చూద్దాం.

– ఒక పాఠకుడు